బండి : ఆలూరు ప్రాంతమున మోటారుసైకిలు పలుకుబడియు ఆచారమును

బండి యను మాట తెలుగున మిక్కిలి పాతది. తమిళమున వండి, కన్నడమున బండి దీనికి తోబుట్టువులు. రెండు తరముల క్రిందట రాయలసీమ పల్లెలలో 'బండి వచ్చినది' అన్నచో వినువాని చెవికి ఎద్దుల మెడగంటలు తోచెడివి. నేడు ఆ మాట విని ఎద్దులను తలచువారు అరుదు. ఎద్దులబండిని గూర్చి చెప్పవలసివచ్చినపుడు 'ఎద్దుల' యని ముందు చేర్చక తప్పదు. ఏ విశేషణమును లేని వట్టి బండి యనగా మోటారుసైకిలే. పాతవస్తువు తన పేరును క్రొత్తవస్తువునకు విడిచిపెట్టి, తన్ను తాను గుర్తింపజేసికొనుటకు విశేషణమును తగిలించుకొనుట అర్థపరిణామ శాస్త్రమున తెలిసిన విషయమే. కాని యింత తక్కువ కాలములో, ఇంత సంపూర్ణముగా జరిగిన మార్పులు మన భాషలో ఎక్కువ లేవు. ఈ మార్పు మాటతోనే ఆగలేదు. బండితో కూడ ఎద్దునకు సంబంధించిన క్రియలు, మర్యాదలు, భయములు, పూజలు కొన్ని మోటారుసైకిలునకు సంక్రమించినవి; కొన్ని సంక్రమింపలేదు. ఏవి వచ్చినవి, ఏవి రాలేదు, ఎందువలన అనునదే ఈ వ్యాసమున విచారింపబడు విషయము.

మోటారుసైకిలు తెలుగుశాఖ వారి పరిశోధనకు తగిన వస్తువా యని కొందరు శంకింపవచ్చును. అన్యదేశములలో ఈ శంక తీరి చాలకాలమైనది. ఇంగ్లండున బర్మింగ్‌హాము యువకులను గూర్చి పాల్ విల్లిస్ వ్రాసిన 'ప్రొఫేన్ కల్చర్' అను గ్రంథము 1978లో వెలువడినది. అందు సగము మోటారుసైకిలు కుఱ్ఱవాండ్ర జీవితమే. కెనడాలో డేనియల్ వుల్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు ఒక మోటారుసైకిలు ముఠాతో కలిసి తిరిగి, వారి కట్టుబాట్లను వర్ణించుచు 1991లో 'ది రెబెల్స్' అను పుస్తకమును ప్రకటించెను. 1998లో న్యూయార్కు నగరమందలి గుగ్గెన్‌హైమ్ చిత్రశాల మోటారుసైకిళ్లను కళావస్తువులుగా ప్రదర్శించినది. 2005లో ఈ విషయమునకే ప్రత్యేకించిన 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ మోటార్‌సైకిల్ స్టడీస్' అను పత్రిక వెలసినది. యంత్రమును గాక యంత్రము చుట్టు అల్లుకొన్న మనుష్యుల నడవడిని, భాషను, పాటను, భావమును పరిశీలించుట వీరి పద్ధతి.

ఆ గ్రంథములందలి మోటారుసైకిలు మన వీధిలోనిది కాదు. అక్కడ అది ప్రాయికముగా ఒంటరివాని వాహనము. కారు కొనగలిగినవాడు కారును కాదని ఎక్కిన వాహనము. తిరుగుబాటు, వేగము, స్వేచ్ఛ అను మూడు మాటలు వారి విచారములో అడుగడుగున వచ్చును. 1953లో వచ్చిన 'ది వైల్డ్ వన్' అను అమెరికా చలనచిత్రము ఈ భావమునకు రూపు కట్టిచ్చినది. రాయలసీమలో మోటారుసైకిలు ఎక్కువపాళ్లు కుటుంబ వాహనము. ముందు ట్యాంకు మీద పిల్ల, వెనుక భార్య, ఆమె ఒడిలో మరియొక పిల్ల, ప్రక్కను సంచి. పాలక్యానులు, నీళ్లబిందెలు, మేకపిల్ల, ఎరువుబస్తా, టమాటాగంపలు, అమ్మకపు బట్టలమూట - ఇవి ఎక్కని బండి లేదు. కావున పాశ్చాత్యులు తోలువానిని చూచి వ్రాసినట్లుగాక, మనము వెనుక కూర్చున్నవారిని, కట్టిన మూటను చూచి వ్రాయవలెను. ఈ ఒక్క భేదమును మరచి వారి సిద్ధాంతములను మన వీధికి అతికించినచో వచ్చు ఫలితము హాస్యాస్పదముగా నుండును.

ఇట్టి పరిశీలనకు ఆలూరు తగిన చోటు. ఇది కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆదోని, గుంతకల్లు, బళ్ళారి పట్టణముల నడుమ నున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆదోని, రాయదుర్గము తాలూకాలతో కూడ నాడు ఆంధ్రలో చేరినది. హగరి నుండి ఆలూరు మీదుగా ఆదోనికి పోవు రహదారి నేడు 167వ జాతీయ రహదారిలో భాగము. తెలుగు, కన్నడము, దక్ఖినీ ఉర్దూ మూడును ఇచ్చటి బజారులో వినబడును. ఒకే దుకాణము ముందు కర్నూలు జిల్లాకు చెందిన 21వ సంఖ్య బండ్లును, బళ్ళారికి చెందిన 34వ సంఖ్య కర్ణాటక బండ్లును నిలిచియుండుట సాధారణము. (2019లో ఆంధ్రప్రదేశమంతటికిని 39 అను ఒకే సంఖ్య ఏర్పడుటచే, సంఖ్యాఫలకమును చూచి జిల్లాను చెప్పు విద్య క్రొత్త బండ్ల విషయమున నశించినది.) వాన నమ్మరాని మెట్టప్రాంతము. పనికై గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తితీతలకు పోవుటను ఇచ్చట 'సుగ్గికి పోవుట' యందురు. సుగ్గి కన్నడమున పంటకోత కాలము. తమ ఊరిలో పంట లేక పరాయి ఊరి పంటకు పోవుటకు ఈ పేరు నిలిచినది.

ఇక పలుకుబడిని చూతము. మోటారుసైకిలు అంగముల పేర్లను ఎత్తి వ్రాసినచో దాదాపు అన్నియు ఇంగ్లీషు నుండి వచ్చినవే: ట్యాంకు, హ్యాండిలు, క్లచ్చు, గేరు, బ్రేకు, చైను, రిమ్ము, ప్లగ్గు, సైలెన్సరు, మడ్గారు. పనిముట్లలో కొన్ని దక్ఖినీ ద్వారమున వచ్చినవి. మరచుట్టును త్రిప్పు ఇనుపపరికరము పానా, పని నేర్పువాడు ఉస్తాదు. ఎద్దులబండి అంగముల పేర్లు - కాడి, నొగలు, ఇరుసు, ఆకులు, పట్టా, శీల - వీనిలో ఒక్కటియు క్రొత్తబండికి ఎక్కలేదు. ఇరుసు మోటారుసైకిలునకును ఉన్నది. కాని దానిని ఎవ్వరును ఇరుసు అనరు. చక్రపు ఆకులు పుల్లలైనవి. కందెన పోయి గ్రీసు వచ్చినది. నామవాచకములను మాత్రము చూచినవాడు, తెలుగు ఇచ్చట పూర్తిగా ఓడిపోయినదని తీర్పు చెప్పును.

క్రియలను చూచినచో తీర్పు తలక్రిందులగును. రాయలసీమవాడు మోటారుసైకిలును నడపడు, తోలును. తోలుట పశువులను ముందునకు సాగించుట. ఎద్దులను తోలినట్లే బండిని తోలెను, బస్సును తోలెను, మోటారుసైకిలును తోలుచున్నాడు. ప్రొద్దున చలికి బండి కదలనిచో 'మొరాయించినది' అనును. మొరాయించుట మొండి ఎద్దు, మొండి గుర్రము చేయు పని. కిక్కు ఎదురుతిరిగి కాలికి తగిలినచో బండి 'తన్నినది'. క్లచ్చు తటాలున విడిచినచో 'దూకినది'. ఎక్కువ పెట్రోలు ఖర్చగుచున్నచో 'తాగుచున్నది'. ఎక్కుడు దారిలో బలము చాలనిచో 'దమ్ము లేదు'. నూనె లేక ముషలకము బిగిసినచో 'పట్టేసినది'. ఇది మాత్రము పశువు నుండి గాక, నడుము పట్టుట, మెడ పట్టుట వంటి మనుష్యదేహ బాధల నుండి వచ్చినది కాబోలు.

వీని యన్నిటిలో విచారింపదగినది 'ఇచ్చు' అను క్రియ. క్రొత్తగా బండి కొన్నవానిని ఊరిలో మొదట అడుగు ప్రశ్న 'ఎంత ఇస్తాది?' అని. లీటరునకు ఎన్ని కిలోమీటర్లు పోవునని దీనికర్థము. కర్మ చెప్పబడదు, చెప్పనక్కరలేదు. ఇదే ప్రశ్న, ఇదే రూపమున, కర్మను ఇట్లే విడిచి, పాడి ఎనుమును కొన్నవానిని అడుగుదురు. మేపిన మేతకు ఎన్ని లీటర్ల పాలు, పోసిన పెట్రోలునకు ఎన్ని కిలోమీటర్లు - రెండింట లెక్క ఒక్కటే. ఇది తెలుగువారి ప్రత్యేకత యని గర్వింపరాదు. హిందీలోను వాహనమును గూర్చి ఇట్లే అడుగుదురు. పాడి, సేద్యములు తెలిసిన సమాజములన్నింట యంత్రము ఈ త్రోవనే ఇల్లు చేరియుండును. నేను చెప్పబూనిన దింతయే: పేరు పట్టణమునుండి వచ్చినది, పని మాత్రము పల్లె నేర్పినది. వస్తువుతోడ దాని అంగముల పేర్లు అంగడిలో దొరకును; దానితో వ్యవహరించు తీరు అంగడిలో దొరకదు, ఇంటిలోనిదానినే వాడుకొనవలెను.

బోరు అను మాట మరియొక వింత. పాతబండి పొగ విడిచినచో సిలిండరును తొలిపించి క్రొత్త ముషలకము వేయించుదురు. దీనిని 'బోరు చేయించుట' యందురు. చేనిలో నీటికై భూమిని తొలిపించుట 'బోరు వేయించుట'. రెండును ఒకే ఇంగ్లీషు మాట. అయినను చేయించుట, వేయించుట అను క్రియాభేదముచేత ఆలూరువాడు ఎన్నడును పొరబడడు. రెండవ బోరున నీరు పడక అప్పుపడిన రైతు మొదటి బోరునకు డబ్బు లేక పొగ విడుచుచున్న బండినే తోలుకొనుట ఈ ప్రాంతమున అరుదైన దృశ్యము కాదు.

వ్యాపారనామములు జాతినామములైన తీరును ఇచ్చట చెప్పవలెను. పాతతరమువారిలో కొందరు మోటారుసైకిలును దక్ఖినీ పలుకుబడిలో ఫట్‌ఫటి యనెడివారు, అది ధ్వన్యనుకరణము. పిమ్మట బండ్ల పేర్లే వాడుకలోనికి వచ్చినవి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్టును కూర్చుట మొదలుపెట్టెను. 1960ల దశకమున మైసూరు నుండి జావా, ఉత్తరాది నుండి రాజదూత్ వచ్చినవి. మన రాయలసీమలోనే, తిరుపతిలో, సువేగ యను మోపెడు తయారయ్యెడిది. స్వచ్ఛమైన సంస్కృతసమాసము పేరుగా గల వాహనము. 1980లో హోసూరు నుండి ఇద్దరు కూర్చుండదగిన టీవీయెస్ మోపెడు వెలువడినది. హోసూరు తమిళనాటిదైనను తెలుగువారు విశేషముగా నున్న ఊరు. 1985లో వచ్చిన హీరో హోండా బండి నాలుగు దెబ్బల యంత్రముతో తక్కువ తాగి ఎక్కువ ఇచ్చుటచే పల్లెలను జయించినది. ఏ సంస్థదైనను చిన్నమోపెడు 'టీవీయెస్సు', గేరులేని స్కూటరు 'స్కూటీ' అగుట నేటికిని వినబడును. సువేగ అను అందమైన పేరు మాత్రము జాతినామము కాలేకపోయినది. పేరు అందమునకు, వాడుకకు సంబంధము లేదనుటకు ఇది యొక నిదర్శనము.

పాతబండ్లలో ప్రతిదానికిని ఒక నడవడి యుండెడిది. దానిని నేర్చుటయే ఒక విద్య. జావాకు కిక్కు, గేరు ఒకే మీట. బండిని లేపిన మీటనే మడచి గేరుగా వాడవలెను. ఆనాటి బుల్లెట్టునకు గేరు కుడికాలి క్రింద, బ్రేకు ఎడమకాలి క్రింద నుండెడివి. తక్కిన బండ్లకు ఇది సరిగా తలక్రిందు. అలవాటులేనివాడు ఆపబోయి గేరు మార్చును. దానిని లేపుటకు ముందు కిక్కును మెల్లగా త్రొక్కుచు, ఆంపియరు ముల్లు నడిమికి వచ్చుటను కనిపెట్టి, చిన్నమీటను ఒత్తి లోపలి ఒత్తిడిని విడిపించి, అటుపై ఒక్క ఊపున త్రొక్కవలెను. ఈ క్రమము తప్పినవానిని బండి తన్నును. కావుననే బుల్లెట్టు తోలుట మొనగాని లక్షణముగా ఎన్నబడినది. రెండు దెబ్బల యంత్రములకు పెట్రోలులో ఆయిలు కలుపుటయు ఒక పాకశాస్త్రమే. ఎక్కువైన పొగ, తక్కువైన పట్టేయుట.

బుల్లెట్టు పొగరును గూర్చి చెప్పునపుడు ఒక పాటను తలపకుండుట సాధ్యము కాదు. 2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట తెలంగాణపు పలుకుబడిలోనిది. అందు పెండ్లికూతురు తన వరుని బండినెక్కి అత్తింటికి వత్తునని చెప్పును. ఆ యేడే ఒక నవవధువు తన పెండ్లి ఊరేగింపులో ఆ పాటకు ఆడగా, అది తెలుగునాడంతట ప్రాకి, ఊరూర పెండ్లిండ్లలో అనుకరింపబడినది. పూర్వము అప్పగింతల పాటలలో పల్లకి యుండెడిది, అటుపిమ్మట గూడుబండి. వానిలో వధువు కన్నీటితో ఎక్కును. బుల్లెట్టెక్కు వధువు ఏడువదు, తన నిబంధనలను చెప్పును. వాహనము మారగా రసము మారిన ఘట్టమిది. జానపదసాహిత్య పరిశోధకులు పెండ్లిపాటల పరిణామమును వ్రాయునపుడు దీనిని సినిమాపాటవంటిదని త్రోసిపుచ్చరాదని నా తలంపు.

ఆచారమునకు వత్తము. భాష మోటారుసైకిలును పశువుగా భావించినదని పైన చూచితిమి. ఆచారము అట్లు భావింపలేదు. ఈ ప్రాంతమున ఎద్దులకు పండుగ జ్యేష్ఠమాసపు ఏరువాక పున్నమ. నాడు వానిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పరుగెత్తింతురు. మోటారుసైకిలునకు ఏరువాకనాడు ఏమియు జరుగదు. దాని పండుగ మహానవమి, ఆయుధపూజ. నాగలి, కొడవలి, సుత్తి, కుట్టుమిషను, త్రాసు వీనితో పాటు బండిని కడిగి, విభూతి అడ్డరేఖలు తీర్చి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలదండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి తొక్కింతురు. బూడిదగుమ్మడికాయ దిష్టి తీసి పగులగొట్టుదురు. అనగా నోటిమాటలో ప్రాణి, పూజలో ఆయుధము. పాడి ఎనుమువలె 'ఇచ్చు' బండి శమీవృక్షము మీది గాండీవముతో సమానముగా పూజలందుకొనుచున్నది.

ఈ వైరుధ్యమునకు కారణమేమి? ఒక సమాధానము తోచుచున్నది. ఎద్దు పూజ కృతజ్ఞత. అది తన కష్టముతో మనలను పోషించినది, ఆ దినమున దానికి పని చెప్పరాదు. ఆయుధపూజ భయముతో కూడినది. ఆ వస్తువు మనచేతిలో నుండియు మనలను గాయపరపగలదు. నిమ్మకాయ, గుమ్మడికాయ బలికి మారువస్తువులు. చక్రము ఎట్లును ఏదో యొకదానిని నలుపక మానదు, ఆ మొదటిది నిమ్మకాయ కావలెనని తాత్పర్యము. ఆవుకు, ఎద్దునకు ఈ మొక్కు అక్కరలేదు. ఆలూరు నియోజకవర్గములోనే హొళగుంద మండలమున దేవరగట్టు కొండపై మాళమల్లేశ్వరునికి విజయదశమి రాత్రి జరుగు కఱ్ఱల ఉత్సవము ప్రసిద్ధము. దానిని తెలుగువారును 'బన్ని' యనియే పిలుతురు. బన్ని కన్నడమున జమ్మిచెట్టు. ఆయుధము, రక్తము, జమ్మి ఒకే రాత్రి కలియు ఈ సీమలో, ముందునాడు మోటారుసైకిలు ఆయుధముల వరుసలో నిలుచుట కాకతాళీయము కాదు. రాజస్థానమున పాలి, జోధపురముల నడిమి బాటప్రక్క ఒక బుల్లెట్టు బండి దైవముగానే వెలసినది. ప్రమాదమున మృతినొందిన యువకుని బండి యది. మనవైపు బండి అంతవరకు పోలేదు. ఆయుధముగా పూజింపబడునే గాని దైవము కాలేదు.

ఆ భయము నిరాధారము కాదు. కేంద్రప్రభుత్వ లెక్కల ప్రకారము 2022లో దేశమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44.5 మంది ద్విచక్రవాహనముల వారు. 1988 నాటి మోటారువాహనముల చట్టము 129వ విభాగమున శిరస్త్రాణమును విధించినది. శిరస్త్రాణము ధరింపని బర్మింగ్‌హాము యువకులు ముఖమునకు తగులు గాలి కొఱకే ఎక్కుచున్నారని విల్లిస్ వివరించెను. ఆలూరు రైతు శిరస్త్రాణము పెట్టకపోవుటకు ఈ కారణము చెప్పుట పొసగదు. అతడు చేనికి పోవుచున్నాడు. చేనికి పోవునపుడు తలకు తువాలు చుట్టుట వాడుక. బండి ఇంటిలోని పశువువంటిది, పశువు దగ్గరకు పోవుటకు రక్షణ యేల? ఊరి పొలిమేర దాటి ఆదోనికి పోవునపుడు, పోలీసు ఉండుచోట, శిరస్త్రాణము జ్ఞప్తికి వచ్చును. పూజలో ఆయుధమని తెలిసినది వాడుకలో పశువుగా మరపునకు వచ్చుచున్నది. నిమ్మకాయ తొక్కించుట మరువనివాడు తలకు టోపీ మరచుటకు భాషాగతమైన కారణము కొంత యున్నదనుట సాహసమే కావచ్చును. అయినను ప్రచారఫలకములు వ్రాయువారు విచారింపదగిన విషయము. వారి వాక్యములన్నియు బండిని యంత్రముగా భావించి వ్రాసినవి.

వెనుక కూర్చుండు స్త్రీని గూర్చి పాశ్చాత్యగ్రంథములలో చెప్పిన దత్యల్పము. మనదేశపు మోటారుసైకిలు ఆకారమును మార్చినది ఆమె. 1989 నాటి కేంద్ర మోటారువాహన నిబంధనలలో 123వది వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు ఆధారము, వెనుకచక్రమునకు కనీసము సగము కప్పు రక్షణ అమర్చవలెనని శాసించినది. ఇదియే చీరకొంగు చక్రమున చిక్కుకొనకుండుటకు వేయు ఊచల జాలి. లోకమంతట తిరుగు యంత్రమునకు చీర తెచ్చిన మార్పు ఇది. స్త్రీ వెనుక ప్రక్కకు తిరిగి కూర్చుండుటయు, ఒక చేత బిడ్డను, రెండవచేత పిడిని పట్టుటయు ఒక దేహవిద్య. దీనిని వర్ణించినవారు లేరు. 1990ల దశకమునుండి గేరులేని చిన్నబండ్లు వచ్చి, ఉపాధ్యాయినులు, దాదులు, విద్యార్థినులు ముందు కూర్చుండుట మొదలైనది. స్కూటరు స్త్రీసుకుమారమనియు మోటారుసైకిలు పురుషవాహనమనియు ఇటలీ, ఇంగ్లండులలో ఏర్పడిన భేదమును డిక్ హెబ్డిజ్ 1980ల దశకమున విమర్శించెను. ఆ భేదము మన ఊరికిని వచ్చినది. స్త్రీ తోలినది 'స్కూటీ' యగును. బండి యనుట తక్కువ.

బండి పెండ్లిమాటలలోను దూరినది. 1961 నాటి చట్టము కట్నమును నిషేధించినను, 'బండి పెట్టుట' యను పలుకుబడి నేటికిని వినబడుచున్నది. బండి యిక్కడ కట్నము కాదు, 'అల్లునికి ముచ్చట'. చట్టము ఎరిగిన భాష ఎట్లు తప్పుకొనునో దీనివలన తెలియును. ఆ ముచ్చటను తీర్చుటకు ఆడపిల్ల తండ్రి కంతుల మీద తెచ్చి, సుగ్గిలో సంపాదించి కట్టవలసిన సందర్భములు కలవు. కంతు తప్పినచో బండిని తీసికొనిపోవుటకు 'సీజు' అను మాట పుట్టినది. అల్లుని ముంగిట నుండి బండి సీజైనప్పుడు ఆ ఇంట కోడలు పడు మాటలు ఏ నిఘంటువునను ఎక్కవు. 2001 జనగణనమున దేశములోని కుటుంబములలో నూటికి 11.7కు ద్విచక్రవాహనముండగా, 2011 నాటికి 21 కుటుంబముల కున్నది. ఆ పెరుగుదలలో ఎంత భాగము కంతుల మీదిదో, ఎంత భాగము ముచ్చటల మీదిదో ఆ లెక్క చెప్పదు.

బండ్ల మీది వ్రాతలు మరియొక ప్రత్యేక వ్యాసమునకు వస్తువు. ఇష్టదైవము పేరు, 786 సంఖ్య, తల్లిదండ్రుల దీవెన, అభిమాననటుని బిరుదు, పిల్లల పేర్లు, కులము పేరు - వీనిని శాసనపాఠములవలె చదువవచ్చును. దైవస్తుతి, దాత పేరు, వంశప్రశంస అను శాసనక్రమము చక్రముపై రేకు మీదను కొంత నిలిచియున్నది. సంఖ్యాఫలకము మీద వేరువ్రాతలు నిషిద్ధములు; కావున వ్రాతలు మడ్గారు మీదికి, ముందు అద్దము మీదికి జరిగినవి. ఇదే జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపై అశోకుని మాటలు రెండువేల యేండ్లకు మించి నిలిచినవి. మోటారుసైకిలు వ్రాత పదేండ్లు నిలుచుట కష్టము. నకళ్లు తీయువాడు త్వరపడవలెను.

త్వరపడవలసినది వ్రాతలకు మాత్రమే కాదు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమున భారత్ స్టేజి 6 ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. వానివలన క్రొత్త మోటారుసైకిళ్లలో పెక్కింట కార్బురేటరు పోయి, విద్యుత్పరికరము ఆజ్ఞానుసారము ఇంధనమును చిమ్ము పద్ధతి వచ్చినది. మైసూరులో జావాకు వారసురాలైన యెజ్డి తయారీ 1996లోనే ఆగినది. చెవితో విని జబ్బు చెప్పగల ఉస్తాదు విద్యకు ఈ మార్పుతో గిరాకి తగ్గుచున్నది. అతని దుకాణమున 'గాలి ఎక్కువ', 'పెట్రోలు ఎక్కువ', 'కచరా చేరినది' అని రోగనిర్ణయము జరిగెడిది. క్రొత్తబండికి తీగ తగిలించి తెరపై అంకెను చదువవలెను. ఆ పరికరము కొనలేనివాడు పంచర్లకు, చైన్లకు పరిమితుడగును. అతని నోటిలో నున్న పదములు అతనితోనే పోవును.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును 1962లో ప్రకటించిరి. అది వ్యవసాయపదముల సంపుటము. తరువాతి సంపుటములలో చేనేత మొదలగు వృత్తులు చేరినవి. ట్రాక్టరు పల్లెలను ఆక్రమింపకమునుపే ఆ పని మొదలగుటచే నాగలి మాటలు, ఎద్దుల మాటలు మనకు దక్కినవి. మోటారుసైకిలు మరమ్మతు వృత్తియే కాదన్నట్లు ఇంతవరకు దానికి అట్టి కోశము లేదు. నామములు ఇంగ్లీషువి గదా, సేకరించుట యేల యని అడుగవచ్చును. పైన చెప్పినట్లు సేకరింపవలసినవి నామములు కావు, క్రియలు. 'మొరాయించు' వంటివాని అర్థము నిఘంటువునందున్నది. ఉస్తాదు చెప్పు మొరాయింపునకు, పట్టివేతకు, దమ్ము తగ్గుటకు నడుమ నున్న సూక్ష్మభేదము లేదు. ఆలూరు, ఆదోని, గుంతకల్లు, బళ్ళారి నాలుగు చోట్ల నలుగురేసి వృద్ధ మెకానిక్కులను కూర్చుండబెట్టి, పాడైన బండిని ముందుంచి, అది చేయు చప్పుళ్లకు వారు చెప్పు మాటలను ధ్వనిముద్రణ చేసినచో పని సగమైనట్లే. పదములను అడుగరాదు, అడిగినచో పుస్తకపు మాటలు చెప్పుదురు. పని చేయించుచు వినవలెను. కన్నడము మాటాడువారు అదే జబ్బును ఏమందురో ప్రక్కన వ్రాసికొనుట అవసరము. వారి ఇండ్లలో గాడి యనియు వినబడుచున్నది. బండి, గాడి రెండును తిరుగుచోట ఏ క్రియ ఏ నామముతో కలియునో నిర్ణయింపవలసియున్నది.

విద్యుత్తుతో నడచు బండ్లు ఇపుడిపుడే ఈ వీధులకు వచ్చుచున్నవి. వానికి కిక్కు లేదు, కావున తన్నవు. గేరు లేదు, పొగగొట్టము లేదు, ఫట్‌ఫటి యనిపించుకొనుటకు చప్పుడు లేదు. పెట్రోలు తాగవు, చరవాణికివలె 'ఛార్జింగు పెట్టుదురు'. పశుక్రియలు ఒక్కొక్కటిగా వీనిపై నుండి జారిపోవుచున్నవి. అయినను అట్టి బండిని కొని తెచ్చినవానిని అరుగు మీది ముసలివాడు అడుగునది మారలేదు: 'ఒకసారి పెడితే ఎంత ఇస్తాది?'